పెంపుడు పిల్లి ఉన్నట్టుండి మీద పడితే ముందు కిటికీ చూడండి

"మా పిల్లికి పిచ్చెక్కిందండీ, ఊరికే మీద పడి కరిచేసింది" అని ఫోన్ చేసేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే. ఆ టైముకు మీ కిటికీ అవతల ఏముంది? "ఏమీ లేదండీ" అంటారు. చూశారా అంటే మాత్రం చూసి ఉండరు.

సరే, ముందు గాయం సంగతి. పిల్లి పంటి గాటు పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది గానీ లోతుగా దిగుతుంది. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా వల్ల ఒక్క రోజులోనే చెయ్యి వాచిపోవచ్చు. కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీ పొడి అద్దకండి. కడగ్గానే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో పిల్లే కదా అని రేబిస్ టీకా మాట దాటేయకండి, అవసరమా కాదా అనేది ఆయన తేలుస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితమే. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉండనే ఉంది. పిల్లిని మాత్రం పది రోజులు బయటికి వదలకుండా కళ్ల ముందే ఉంచుకోండి.

ఇక దాడి ఎలా జరిగిందో గుర్తు తెచ్చుకోండి. సగం కారణం అక్కడే తెలుస్తుంది.

నిమురుతుంటే కరిచింది

దానికి చాలనిపించింది, మీరు ఆపలేదు. అంతే. కరిచే ముందు తోక కొస టపటపా కొడుతుంది, వీపు మీద చర్మం అలలా కదులుతుంది, చెవులు పక్కకు తిరుగుతాయి. ఈ మూడింట్లో ఏది కనిపించినా చెయ్యి తీసేయండి. బుగ్గలు, గడ్డం కింద నిమరండి. పొట్ట జోలికి వెళ్లకండి. వెల్లకిలా పడుకున్నంత మాత్రాన పొట్ట నిమరమని కాదు.

సోఫా కింద నుంచి దూకి కాళ్లు పట్టుకుంటోంది

ఇది ఆట. ఏడాది లోపు కూనల్లో, ఇంటిల్లిపాదీ ఆఫీసులకు వెళ్లిపోయే ఇళ్లలో ఎక్కువ. చిన్నప్పుడు చేతివేళ్లతో ఆడించి ఉంటారు, ఇప్పుడు దానికి చెయ్యీ కాలూ బొమ్మలే అయ్యాయి. కర్రకు ఈకలు కట్టిన బొమ్మతో పొద్దున ఒక పది నిమిషాలు, రాత్రి ఒక పది నిమిషాలు అలిసేదాకా ఆడించి, వెంటనే తిండి పెట్టండి. ఆట అయ్యాక ఆ దారం ఉన్న బొమ్మను బీరువాలో పెట్టేయండి. దారం మింగితే పేగులకు చుట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఎత్తుకోగానే, లేదా ఒక చోట తాకగానే కరుస్తోంది

నొప్పి. ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న పిల్లి మారిందంటే ఏ మందలింపు కన్నా ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. పళ్ల నొప్పి అయితే ఒక పక్కతోనే నములుతుంది, తిండి గింజలు నోట్లోంచి జారుతుంటాయి. కీళ్ల నొప్పి అయితే మునుపు ఒక్క గెంతులో ఎక్కిన అల్మారా ఇప్పుడు ఎక్కదు. బయట తిరిగి వచ్చే పిల్లి అయితే కొట్లాటలో పడ్డ గాటు పైకి మూసుకుపోయి లోపల చీము పట్టి ఉండొచ్చు. వీటన్నిటికీ ఒక రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలో కూర్చుని, ముక్కుతూ, అరుస్తూ, చుక్క మూత్రం పోయకపోతే మాత్రం రేపటిదాకా ఆగకండి. ప్రాణం మీదికి వస్తుంది.

నొప్పి అన్నాను కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ అరముక్క వేయకండి. మనకు పనిచేసే ఆ మాత్ర పిల్లికి విషం.

ఏ కారణమూ లేకుండా మీద పడింది

అసలు చిక్కు ఇదే. మీరు మామూలుగా హాల్లోకి వచ్చారు. పిల్లి కిటికీ దగ్గర ఉంది. కళ్లు నల్లగా విచ్చుకున్నాయి, తోక బుస్సున పొంగింది, ఎప్పుడూ వినని గొంతుతో అరుస్తూ కాలికి చుట్టుకుని ఒకసారి కాదు, నాలుగైదు చోట్ల కరిచింది. ఆటలో కరిస్తే వదిలి పరుగెత్తుతుంది, ఇది వదలదు.

ఆ కోపం మీ మీద కాదు. కిటికీ అవతల పిట్టగోడ మీద ఓ గండుపిల్లి నడిచి వెళ్లింది. మీ పిల్లికి అది తన ఇలాకా. మధ్యలో అద్దమో దోమల మెష్షో ఉంది కాబట్టి దాన్ని అందుకోలేదు. రెచ్చిపోయి ఉన్న ఆ సమయంలో మీరు ఎదురయ్యారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. డాక్టర్లు దీన్ని రీడైరెక్టెడ్ అగ్రెషన్ అంటారు.

అందరూ ఇక్కడే ఎందుకు బోల్తా పడతారంటే, ఆ రెచ్చిపోవడం వెంటనే చల్లారదు. గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజు దాటుతుంది. తెల్లవారుజామున ఐదింటికి గండుపిల్లి వచ్చి పోతుంది. మీరు ఏడింటికి లేచి కాఫీ కలుపుకుంటుంటే కాటు పడుతుంది. అప్పుడు కిటికీలోంచి చూస్తే నిజంగానే ఏమీ ఉండదు. అందుకే "ఏ కారణమూ లేదు" అనుకుంటారు.

పైగా కంటికి కనిపించేదే కావాలని లేదు. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు, పిల్లికి 60 దాటినా వినబడుతుంది. ఇక వాసన సరేసరి. అపార్ట్‌మెంట్లలో నేను మొదట చూసేది గుమ్మం బయట చెప్పుల స్టాండ్. గండుపిల్లి దాని మీద మూత్రం చిమ్మి పోతుంది, ఆ వాసన మీ ప్యాంటుకు అంటి లోపలికి వస్తుంది, మీ పిల్లి మీ కాలినే పట్టుకుంటుంది. వీధి పిల్లిని నిమిరి ఇంటికొచ్చినా అదే కథ. దీపావళి టపాసులు, వంటింట్లో గిన్నె దబ్బున పడటం, మా వైపు ఊళ్లలో అయితే బాల్కనీ గ్రిల్ పట్టుకుని వేలాడే కోతులు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇంట్లో రెండు పిల్లులుండి, నిన్నటిదాకా ఒకే బుట్టలో పడుకున్నవి ఇవాళ రక్తాలొచ్చేలా కొట్టుకుంటున్నాయంటే కూడా ముందు దీన్నే అనుమానించండి.

తేల్చుకోవడం కష్టం కాదు. పాత ఫోన్ ఉంటే కెమెరా ఆన్ చేసి రాత్రంతా కిటికీ వైపు పెట్టండి. సజ్జ మీద, కారు బానెట్ మీద దుమ్ములో అడుగులున్నాయేమో చూడండి. కిందికి దిగి వాచ్‌మన్‌ను అడగండి. ఎవరు ఎక్కడ పెరుగన్నం పెడుతున్నారో, ఆదివారం చేపలు కడిగిన నీళ్లు ఎటు పోస్తున్నారో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇవేవీ కుదరకపోతే కిటికీ కింది సగానికి ఓ వారం పాటు న్యూస్‌పేపర్ అంటించేయండి. పిల్లి కుదుటపడితే కారణం దొరికినట్టే.

దాడి జరిగిన క్షణంలో కొట్టకండి, అరవకండి, ఎత్తుకుని బుజ్జగించబోకండి. రెండోసారి కరిపించుకునేది ఆ బుజ్జగింపులోనే. దిండో అట్టపెట్టె ముక్కో అడ్డం పెట్టుకుని గది బయటికి వచ్చి తలుపు వేయండి. లైటు ఆర్పి, నీళ్లు, తిండి, లిట్టర్ ట్రే లోపల ఉండేలా చూసి వదిలేయండి. అది తనంతట తాను తిని, ఒళ్లు నాక్కుని పడుకునేదాకా తలుపు తీయాల్సిన పని లేదు. పిల్లులు కొట్టుకుంటుంటే చేతులతో విడదీయకండి, వాటిని వేరే గదుల్లో ఉంచి తలుపుకు చెరోవైపు తిండి పెడుతూ మెల్లగా కలపండి.

తొందరపడితే ఇంకో చిక్కు వస్తుంది. ఆ గొడవను పిల్లి మీతోనే ముడిపెట్టుకుంటుంది. తర్వాత గండుపిల్లి రాకపోయినా అదే చోట మిమ్మల్ని చూడగానే ఒళ్లు పొంగిస్తుంది. పగ పట్టిందని పేరు పెడతారు గానీ అది భయం. కొన్నాళ్లు తిండి మీ చేతి మీదుగానే, దూరం నుంచే పెట్టండి. తదేకంగా కళ్లలోకి చూడకండి. దగ్గరికి రావడం దాని ఇష్టానికి వదిలేయండి.

శాశ్వత పరిష్కారం కిటికీ దగ్గరే ఉంది. అద్దానికి పిల్లి కూర్చునే ఎత్తుదాకా మసక ఫిల్మ్ వేయించండి, కూర్చునే బల్లను వేరే కిటికీకి మార్చండి. చెప్పుల స్టాండ్ లోపలికి తెచ్చే ముందు డిటర్జెంట్‌తో కడిగి, పెట్ షాపుల్లో దొరికే, మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ కొట్టండి. ఫినాయిల్ వద్దు, పిల్లులకు అది హానికరం. వీధి పిల్లిని తరిమితే మర్నాడు మళ్లీ వస్తుంది. తిండి పెట్టేవాళ్లతో మాట్లాడి ఆ చోటు మార్పించండి, వీలైతే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. మీ పిల్లికి ఐదారు నెలలు దాటినా ఇంకా ఆపరేషన్ చేయించకపోతే మాత్రం ముందు ఆ పని చూడండి. ఎదకొచ్చిన ఆడపిల్లి ఇంట్లో ఉంటే వీధిలోని గండుపిల్లులన్నీ మీ గుమ్మం ముందే ఉంటాయి.

మిగతావి

ఈనిన పిల్లి కూనల దగ్గరికి రానివ్వదు, దాని మానాన దాన్ని వదిలేయండి. పదేళ్లు దాటిన పిల్లి విపరీతంగా తింటూ చిక్కిపోతూ చిరాకుపడుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. మూర్ఛలు, తూలడం, గొంతు మారడం, చొంగ కారడం లాంటివి దాడితో పాటు కనిపిస్తే ముట్టుకోకుండా గదిలో పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇవి అరుదు. వీటి గురించి రాత్రంతా టెన్షన్ పడే ముందు వెళ్లి ఆ కిటికీ అద్దం మీద ముక్కు ఆనించిన మరకలున్నాయేమో చూడండి.