దివిసీమ ఉప్పెనపై పాడ్‌కాస్ట్: మైకు ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

• కథ ఎవరిదో ముందే తేల్చుకోండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది, దాదాపు 10,000 మంది పోయారు అని మొదలుపెడితే అది వార్తే అవుతుంది. ఆ రాత్రి బతికి బయటపడ్డ ఒక్క మనిషి వెంట నడవండి.

• మొదటి నిమిషంలోనే నీళ్లు ఇంట్లోకి రావాలి. కోడూరు, నాగాయలంక ఎక్కడున్నాయో తర్వాత చెప్పొచ్చు.

• పెద్దవాళ్లను "అప్పుడు మీకేమనిపించిందండీ?" అని అడగకండి. "తలుపు ఎటు తెరుచుకుంది? చేతిలో ఏముంది? పక్కన ఎవరున్నారు?" అని అడగండి. దృశ్యం దానంతటదే వస్తుంది. ఏడుపొస్తే రికార్డింగ్ ఆపేయండి. ఆ ముక్క వాడాలో వద్దో వాళ్లే చెప్పాలి, ఎపిసోడ్ బాగా వస్తుందని మనం నిర్ణయించేది కాదు.

• ఉత్కంఠ కోసం వరస మార్చొచ్చు, జరగనిది కలపకూడదు. వెనక్కి వెళ్లినప్పుడు "అదే రోజు పొద్దున" లాంటి మాట తప్పక ఉండాలి. గాలి హోరు సౌండ్ ఎఫెక్టులు అతికించకండి. ఆ గొంతులో తడబాటు చాలు.

• ఉప్పెన తగ్గడంతో కథ ఆపొద్దు. మర్నాడు ఎవరి కోసం వెతికారు, మళ్లీ ఇల్లెక్కడ కట్టుకున్నారు? ఇవీ రాసుకెళ్లండి.

• ఫ్యాను ఆపండి. ఖాళీ గది శబ్దం అర నిమిషం రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు కనపడవు.