ఫిజిక్స్ పీహెచ్‌డీకి దారి – 4వ పాఠం: ఇంటర్వ్యూలో బోర్డు ముందు

పోయిన పాఠంలో జెస్ట్, నెట్, గేట్ అనే అర్హత పరీక్షల సంగతి చూశాం. ఇప్పుడు ఇంటర్వ్యూకి వద్దాం.

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిందంటే సీటు వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. అది ఫెలోషిప్‌కి అర్హత మాత్రమే. నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక పని మదింపు చేసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మారిస్తే 42,000 ఇస్తారు. మిమ్మల్ని చేర్చుకోవాలా వద్దా అన్నది సంస్థ తేల్చుకుంటుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా, బెంగళూరు ఐఐఎస్‌సీ అయినా, ముంబై టీఐఎఫ్ఆర్ అయినా ఇంటర్వ్యూ దాటాల్సిందే.

గదిలో కొందరు ప్రొఫెసర్లు, ఒక బోర్డు, చేతికి ఒక మార్కర్. తరచుగా వచ్చే మొదటి ప్రశ్న: మీకు బాగా ఇష్టమైన సబ్జెక్టు ఏది? దీనికి జవాబు ఇంటి దగ్గరే తయారు చేసుకోండి. 'అన్నీ ఇష్టమే సార్' అనొద్దు. స్ట్రింగ్ థియరీ, బ్లాక్ హోల్స్ అని పెద్ద పేర్లూ చెప్పొద్దు. క్లాసికల్ మెకానిక్స్, క్వాంటమ్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్... వీటిలో ఒకటి చెప్పండి. చెప్పినదాంట్లో ఎంత లోతుకి లాగినా నిలబడేలా ఉండాలి. ఆ లోతు ఎలా ఉంటుందో ఒక్క లెక్కతో చూద్దాం.

గుండ్రటి తీగ ఒకటి నిటారుగా నిలబెట్టాం. దాని మీద ఘర్షణ లేకుండా జారే పూస ఉంది. నిలువు వ్యాసమే ఇరుసుగా తీగను స్థిరమైన కోణీయ వేగం ఒమేగాతో తిప్పుతున్నాం. పూస ఎక్కడ నిలుస్తుంది?

వెంటనే లెగ్రాంజియన్ (గతిశక్తి మైనస్ స్థితిశక్తి) రాయడం మొదలుపెట్టకండి. ముందు నోటితో చెప్పండి. మెల్లగా తిప్పితే పూస అడుగునే ఉంటుంది. చాలా వేగంగా తిప్పితే పైకి జరిగి, తీగ కేంద్రం ఎత్తుకి దగ్గరగా చేరుతుంది. అంటే మధ్యలో ఎక్కడో ఒక వేగం దగ్గర పరిస్థితి మారాలి. ఆ వేగం ఎంత? మన దగ్గరున్నవి గురుత్వ త్వరణం జీ, తీగ వ్యాసార్థం ఆర్, పూస ద్రవ్యరాశి. వీటితో కోణీయ వేగం యూనిట్లు వచ్చేది ఒకే రకంగా: జీ/ఆర్‌కి వర్గమూలం. ద్రవ్యరాశికి ఇందులో చోటే లేదు. ఆర్ 10 సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకి సుమారు 10 రేడియన్లు, అంటే ఒకటిన్నర చుట్లకి కాస్త ఎక్కువ. ఒక్క సమీకరణం రాయకుండా ఇంతదాకా వచ్చారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చూడాలనుకునేది ఈ ఆలోచననే.

ఇప్పుడు లెక్క రాయండి. కోణం తీటాను అడుగు నుంచి కొలిస్తే, అడుగూ పైకొసా కాక సమతాస్థితి ఇంకొకటి వస్తుంది: కాస్ తీటా = జీ/(ఒమేగా స్క్వేర్ × ఆర్). కాస్ విలువ 1 దాటదు కాబట్టి ఒమేగా తక్కువగా ఉంటే ఈ జవాబే లేదు. ముందు నోటితో చెప్పిన వేగం దగ్గరే ఇది పుడుతుంది. ఈ సంగతి పైకి చెప్పండి. లెక్క మీ అంచనాతో కలిసిందని మీరే చూసుకున్నట్టు వాళ్లకి తెలుస్తుంది.

తర్వాతి ప్రశ్న దాదాపు ఖాయం: అడుగున ఉన్న పూసను కాస్త కదిపితే ఎంత ఫ్రీక్వెన్సీతో ఊగుతుంది? కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గం జీ/ఆర్ మైనస్ ఒమేగా స్క్వేర్. ఒమేగా సున్నా అయితే మామూలు లోలకం జవాబు రావాలి, వస్తోంది. ఆ ప్రత్యేక వేగం దగ్గర ఫ్రీక్వెన్సీ సున్నాకి పడిపోతుంది. పూసను వెనక్కి లాగే బలం చచ్చుబడి, ఊగడం మందగిస్తుంది.

ఇక్కడే ఒకరు అడగొచ్చు: పూస మొత్తం శక్తి నిత్యంగా ఉంటుందా? తొందరపడి 'ఉంటుంది' అనేస్తారు చాలామంది. ఒమేగా మారకుండా ఉంచడానికి మోటారు పని చేస్తూనే ఉంది కదా! కాబట్టి పూస కదులుతున్నప్పుడు మొత్తం శక్తి మారుతుంది. మారనిది హామిల్టోనియన్ (లెగ్రాంజియన్ నుంచి రాబట్టే రాశి). ఇక్కడ ఆ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలిసినవాళ్లు గోల్డ్‌స్టీన్ క్లాసికల్ మెకానిక్స్ పుస్తకం నిజంగా చదివారని అర్థం.

ఇంకొంచెం లోతుకి వెళ్తే, ఆ ప్రత్యేక వేగం దాటాక పూస ఎడమకి వెళ్లాలా కుడికి వెళ్లాలా? సమీకరణంలో రెండూ సమానమే, కానీ పూస ఏదో ఒక పక్కకే పోతుంది. కోణం ఎలా పెరుగుతుంది? వేగం ఎంత దాటిందో దాని వర్గమూలంగా. ఒక్క శాతం దాటితేనే సుమారు 11 డిగ్రీలు పక్కకి జరుగుతుంది. అయస్కాంతం క్యూరీ ఉష్ణోగ్రత (దాన్ని దాటితే అయస్కాంతత్వం పోతుంది) కిందకి చల్లబడినప్పుడు లాండౌ సిద్ధాంతం ఇచ్చే ఘాతం కూడా ఇదే, సగం. పూస దగ్గర మొదలైన మాట ఫేజ్ ట్రాన్సిషన్ల (పదార్థ స్థితి మార్పుల) దాకా వచ్చింది. ఒక చిన్న లెక్కను ఇంత దూరం లాగగలిగితే, వంద లెక్కలు పైపైన చూసినవాళ్లకంటే మీరు ముందుంటారు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మధ్యలో ఆగిపోతే మౌనంగా నిలబడొద్దు. మీ బుర్రలో ఏం నడుస్తోందో వాళ్లకి వినపడాలి. 'ఈ టర్మ్ గుర్తు ఎందుకో తేడాగా ఉంది, ఒమేగా సున్నా పెట్టి చూస్తాను' అంటే వాళ్లే చెయ్యందిస్తారు. హింట్ ఇస్తే పట్టుకోండి, అది ఓటమి కాదు. తెలియనిది తెలియదనే చెప్పండి, దానితో ఆపకుండా తెలిసినంతవరకు ఎలా వెళ్తారో చెప్పండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లీషు టెన్షన్ ఉంటుంది. చిన్న వాక్యాలు చాలు. బొమ్మ గీసి, అక్షాలకి పేర్లు పెట్టి, ఒక్కో గీత గీస్తూ మాట్లాడండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి కూడా ఇలాగే. మీ రిపోర్టులోని ప్రతి గ్రాఫులో ఏ అక్షం ఏమిటి, ఎర్రర్ బార్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది అడుగుతారు. కాపీ చేసిన గ్రాఫు అక్కడే దొరికిపోతుంది.

ఈ వారం అభ్యాసం. క్వాంటమ్ మెకానిక్స్‌లోని పెట్టెలో కణం లెక్క తీసుకోండి, కణం అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో, అంటే గ్రౌండ్ స్టేట్‌లో ఉంది. ఒక గోడను హఠాత్తుగా జరిపి పెట్టె వెడల్పు రెట్టింపు చేశారు. కొత్త గ్రౌండ్ స్టేట్‌లో దొరికే సంభావ్యత ఎంత? 0.36 దగ్గర రావాలి. సగటు శక్తి మారిందా? అదే గోడను చాలా మెల్లగా జరిపితే శక్తి ఎందుకు నాలుగో వంతు అవుతుంది? హఠాత్తుగా, మెల్లగా అంటే దేనితో పోల్చి? కాగితం మీద కాదు, గోడకి బోర్డు తగిలించి, ఒక స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి గట్టిగా మాట్లాడుతూ చేయండి. వచ్చే పాఠంలో గైడ్‌ని ఎంచుకోవడం గురించి.