బెజవాడ కార్పొరేషన్‌లో మీ పని ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం ఎలా

వీధి లైటు వెలగకపోతే కార్పొరేటర్‌కి ఫోను, డ్రెయిన్ పొంగితే కార్పొరేటర్‌కి ఫోను, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా కార్పొరేటర్‌కే ఫోను. అవతల నుంచి "చూస్తానండీ" అని వస్తుంది, మనం ఎదురు చూస్తూ ఉంటాం. అసలు ఆ పని చేయించే అధికారం ఆ మనిషికి ఉందా, లేకపోతే ఎవరికి ఉంది అనేది ముందే తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. ఈ రాతంతా దాని గురించే. విజయవాడ లెక్కలో చెప్తున్నాను, గుంటూరు వాళ్లకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే ముందు మీ ఇల్లు కార్పొరేషన్‌లో ఉందో లేదో చూసుకోండి. నవ్వకండి, బందరు రోడ్డు మీద పటమట దాటి కానూరు వైపు వెళ్తుంటే ఊరు ఎక్కడా తెగినట్టు కనిపించదు. కానీ నేను ఇది రాసేనాటికి కానూరు, పోరంకి, యనమలకుదురు తాడిగడప మునిసిపాలిటీవి, ఏలూరు రోడ్డులో రామవరప్పాడు, ప్రసాదంపాడు పంచాయతీలు, బ్యారేజీ దాటితే తాడేపల్లి వేరే కార్పొరేషన్. గ్రేటర్ విజయవాడ అనే మాట ఎప్పటినుంచో నలుగుతూనే ఉంది కాబట్టి ఈ గీతలు మారొచ్చు. ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో అదే మీ ఆఫీసు. రసీదులోనే అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోనులో దాచుకోండి. డివిజన్ నంబరు మాత్రం పక్కింటి పెద్దాయన్ని అడిగి రాయకండి, 2021 ఎన్నికలకు ముందు 59 డివిజన్లను 64 చేశారు, చాలామంది నోట ఇంకా పాత నంబరే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. కార్పొరేషన్‌కి తనంతట తానుగా వచ్చిన అధికారం ఏదీ లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఊళ్లోవాళ్లే ఓటేసి తమ నగరానికి చార్టర్ పెట్టుకుంటారు, మేయర్‌కి ఎంత, కౌన్సిల్‌కి ఎంత అనేది అందులోనే తేల్చుకుంటారు, లాస్ ఏంజెలెస్ అలాంటి నగరమే. మన దక్షిణాదిలో చార్టర్‌తో పుట్టింది పాత మద్రాసు కార్పొరేషన్, ఈస్టిండియా కంపెనీ చార్టర్ 1687లో వస్తే 1688లో అది మొదలైంది. బెజవాడది అలాంటి పుట్టుక కాదు. 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో రాష్ట్ర అసెంబ్లీ చట్టం చేస్తే కార్పొరేషన్ అయింది, అది కూడా హైదరాబాద్ కోసం 1955లో రాసిన చట్టాన్నే తెచ్చి ఇక్కడ వర్తింపజేసింది. గుంటూరు 1866 నాటి మునిసిపాలిటీ, 1994లో కార్పొరేషన్ అయింది. అంటే మనకున్న చార్టర్ ఏదైనా ఉంటే అది అసెంబ్లీ చట్టమే, ఇచ్చిన అసెంబ్లీ మళ్లీ మార్చనూ గలదు. 2000లో బెజవాడ మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు, 2021లో మాత్రం గెలిచిన కార్పొరేటర్లు, ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీ లాంటి ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) సభ్యులు కలిసి ఎన్నుకున్నారు. ఊరి జనాన్ని అడిగి మార్చిందేమీ కాదు.

మరి 74వ రాజ్యాంగ సవరణ ఉంది కదా అంటారు. ఉంది, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. కౌన్సిల్‌కి అయిదేళ్ల గడువు, మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు (మన రాష్ట్రంలో సగం ఇచ్చారు, అయినా కార్పొరేటర్ ఆవిడైతే ఫోను ఎత్తేది చాలాచోట్ల ఆయనే), ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం, ఇవన్నీ దాని చలవే. అధికారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 12వ షెడ్యూల్లో 18 పనులు రాసి, వీటిని రాష్ట్రం ఇవ్వవచ్చు అని వదిలేసింది. ఆ 18లో ఫైర్ సర్వీసు కూడా ఉంది, మన ఊళ్లో ఫైరింజన్ మాత్రం రాష్ట్ర శాఖదే. ఎన్నికల సంగతైనా అంతే అనుకోండి. గుంటూరులో 2005లో ఎన్నికైన కౌన్సిల్ 2010లో దిగిపోతే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో, మధ్యలో పదేళ్లకు పైగా ఊరిని నడిపింది ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారులే. మీరు అర్జీ పట్టుకెళ్లేనాటికి కౌన్సిల్ ఉందా, ప్రత్యేకాధికారి ఉన్నారా అనేది అందుకే ముందు తెలుసుకోవాలి. ప్రత్యేకాధికారి ఉంటే కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు కూడా ఆయన సంతకంతోనే అయిపోతాయి.

కౌన్సిల్ ఉన్నప్పుడు చట్టం ప్రకారం అధికారం మూడు చోట్ల ఉంటుంది. మొదటిది కౌన్సిల్, అంటే కార్పొరేటర్లందరూ, దానికి అధ్యక్షత వహించేది మేయర్. బడ్జెట్ పాస్ చేయడం, పన్ను తీర్మానాలు, పెద్ద పనుల మంజూరు ఇక్కడ. రెండోది స్టాండింగ్ కమిటీ, కార్పొరేటర్లలోంచే ఎన్నికైన చిన్న గుంపు, ఒక మోస్తరు పనుల మంజూరు, కాంట్రాక్టులు వీళ్ల బల్ల మీదకు వస్తాయి, పేపర్లలో దీని వార్త మూల ఎక్కడో ఉంటుంది కానీ డబ్బు కదిలేది చాలాసార్లు ఇక్కడే. మూడోది కమిషనర్. రాష్ట్ర ప్రభుత్వం వేసే అధికారి, సాధారణంగా ఐఏఎస్. చట్టాన్ని అమలు చేసే అధికారం, సిబ్బంది, చెక్కు, నోటీసు అన్నీ ఈయన చేతిలో. మేయర్ కారు మీద ఎర్రబుగ్గ ఉన్న రోజుల్లో కూడా జూనియర్ అసిస్టెంట్ బదిలీ కాగితం కదిలేది కమిషనర్ పేషీ నుంచే. పైగా కౌన్సిల్ తీర్మానాన్ని ఆపే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

కార్పొరేటర్‌కి విడిగా సంతకం చేసి పని చేయించే అధికారం లేదు. ఆయనకున్నది నోరు, కౌన్సిల్లో ఓటు. దాన్ని ఆ మేరకే వాడుకోండి.

ఒక సైడు డ్రెయిన్ తీసుకుందాం, ఎందుకంటే బెజవాడలో గొడవలన్నీ చివరికి డ్రెయిన్ దగ్గరికే వస్తాయి. మీ గుమ్మం ముందు మురుగు నిలిచింది. మూత తీసి చూస్తే సిల్టు (పూడిక) నిండి ఉంది, అయితే అది ప్రజారోగ్య విభాగం పని, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆయన కింద మేస్త్రి. సిల్టు లేదు, పలక విరిగి లోపల పడింది, అయితే ఇంజనీరింగ్, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి వెళ్లాలి. రెండూ కాదు, మ్యాన్‌హోల్ లోంచి మురుగు ఎగదన్నుతోంది, అది కూడా ఇంజనీరింగే కానీ యూజీడీ (భూగర్భ డ్రెయినేజీ) వాళ్లు వేరు. ఎవరో మెట్లు ముందుకు జరిపి డ్రెయిన్ మీద కట్టేశారు, ఇది టౌన్ ప్లానింగ్. అసలు మీ వీధిలో డ్రెయినే లేదు, కొత్తది కావాలి, అప్పుడు ఏఈ ఎస్టిమేట్ వేయాలి, మొత్తాన్ని బట్టి కమిషనరో స్టాండింగ్ కమిటీయో కౌన్సిలో మంజూరు చేయాలి, టెండరు పిలవాలి. కార్పొరేటర్ నోరు నిజంగా పనికొచ్చేది ఈ చివరి దానికి. ఇంతమందిలో ఎవరికీ సంబంధం లేనిది ఇంకోటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్ మునిగింది బుడమేరు నీళ్లతో, ఆ బుడమేరు, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ జలవనరుల శాఖవి. నీళ్లు తోడటం, బురద ఎత్తడం కార్పొరేషన్ చేస్తుంది, గండి పూడ్చడం దాని పని కాదు.

ఇలాగే మిగతావీ. కరెంటు స్తంభం సీపీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లది, దాని మీద వెలిగే లైటు కార్పొరేషన్‌ది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ జాతీయ రహదారి వాళ్లది. ట్రాఫిక్ ఉండేది పోలీసు కమిషనర్ కింద, ఊళ్లో కమిషనర్లు ఇద్దరున్నారు కాబట్టి అర్జీ మీద ఏ కమిషనరో రాయండి. మంచినీళ్లు మాత్రం ఇక్కడ కార్పొరేషనే ఇస్తుంది.

మొదట వెళ్లాల్సింది మీ వార్డు సచివాలయానికి. 2019లో వచ్చిన ఈ వ్యవస్థ మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నాకైతే ఒక్క లాభం స్పష్టంగా కనిపిస్తుంది, ఆఫీసు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, విభాగానికో మనిషి ఉన్నారు. చెత్త, సిల్టు అయితే శానిటేషన్ సెక్రటరీ, రోడ్డు, నీళ్లు, లైటు అయితే ఎమెనిటీస్ (వసతుల) సెక్రటరీ, అక్రమ కట్టడం అయితే ప్లానింగ్ సెక్రటరీ. ఎవరో ఒకరికి చెప్పేసి వచ్చేస్తే లాభం లేదు, ఆ విభాగం వాళ్లకే చెప్పి కాగితం ఇవ్వండి.

కాగితం ఎలా రాయాలంటే, "మా వీధిలో డ్రెయినేజీ సమస్య తీవ్రంగా ఉంది, తమరు దయతో" అని మొదలుపెడితే అది ఏ సెక్షన్‌కి వెళ్లాలో తపాలా గుమాస్తాకి కూడా తెలియదు. ఇలా రాయండి: "ఫలానా డివిజన్, ఫలానా వీధి, ఫలానా డోర్ నంబరు ఎదురుగా సైడు డ్రెయిన్ పలక విరిగి లోపల పడింది. సుమారు ఆరడుగుల మేర తెరిచి ఉంది. పక్కనే అంగన్‌వాడీ ఉంది. పలక మార్చగలరు." లైటు అయితే స్తంభం మీద రాసిన నంబరు వేయండి. ఒక అర్జీలో ఒకే పని. డ్రెయిన్, కుక్కలు, పక్కింటి గోడ కలిపి రాస్తే మూడు సెక్షన్ల మధ్య తిరుగుతూ ఏ బల్ల మీదా నిలవదు. పగలు తీసిన ఫొటో ఒకటి, జిరాక్స్ మీద తేదీతో ముద్ర. ముద్ర వేయడానికి గొణుగుతారు, వేయించుకునే కదలండి.

మునిసిపల్ ఫిర్యాదుల కోసం ఉన్న పురమిత్ర యాప్‌లో పెట్టినా ఫరవాలేదు, నంబరు వస్తుంది కాబట్టి అదీ రసీదే. కదలకపోతే సోమవారం కార్పొరేషన్ ప్రధాన కార్యాలయంలో జరిగే పీజీఆర్‌ఎస్‌కి (ప్రజా సమస్యల పరిష్కార వేదికకి) ముద్ర వేసిన పాత కాపీతో వెళ్లండి. అక్కడ విభాగాధిపతులు కూర్చుంటారు, అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, గడువు నడుస్తుంది. ఒక టెన్షన్ ఏంటంటే, పని కాకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంటుంది. అప్పుడు ఆరోజు తేదీ కనిపించేలా మళ్లీ ఫొటో తీసి, అదే నంబరుతో రీఓపెన్ అడగండి, కొత్త అర్జీ పెడితే పాతది పూర్తయినట్టే లెక్క.

పన్ను విషయం క్లుప్తంగా. 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. కొలతలు తప్పు పడితే నోటిమాటగా కాక రివిజన్ పిటిషన్‌గా (పన్ను మళ్లీ లెక్కించమనే అర్జీగా) రాయండి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గింపు, ఇది వదులుకునేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

కొత్త రోడ్డో డ్రెయినో కావాలంటే బడ్జెట్ తయారవుతున్నప్పుడే కార్పొరేటర్‌ని పట్టుకోవాలి, ఏప్రిల్ దాటాక అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అనే మాట నిజంగానే నిజం. "మా వీధికి ఎస్టిమేట్ వేశారా, మంజూరు ఎవరి దగ్గర ఆగింది" అని ఒక్క ప్రశ్న రాసిచ్చి కౌన్సిల్లో అడగమనండి. రాతపూర్వకంగా వచ్చిన ప్రశ్నకి అధికారులు జవాబు తయారు చేసుకుని రావాల్సి వస్తుంది.

పని అయింది కానీ నాసిరకంగా అయింది అనుకోండి, అప్పుడు సమాచార హక్కు. పౌర సమాచార అధికారి పేర, 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ఆ పని ఎస్టిమేట్, వర్క్ ఆర్డరు, ఎం బుక్ (పని కొలతల పుస్తకం) కాపీలు అడగండి. ఎం బుక్‌లో ఎంత పొడవు, ఎంత మందం వేసినట్టు రాసుకున్నారో ఉంటుంది, టేపు పట్టుకుని వీధిలో కొలిచి చూసుకోవచ్చు. పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడం కూడా ఆ చట్టంలో మనకున్న హక్కే, ఇది చాలామందికి తెలియదు. జవాబుకి 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. అన్నిటికీ ఆ ముద్ర వేసిన జిరాక్స్ కావాలి.