పాత సామాన్లతో లారీ ఇంజిన్ మళ్లీ నిలబెట్టా

మా లారీది కమిన్స్ కంపెనీ 6బీటీ డీజిల్ ఇంజిన్, 5.9 లీటర్లు, 6 సిలిండర్లు. క్రాంక్ (పిస్టన్ల కదలికతో గుండ్రంగా తిరిగే ఇరుసు) బేరింగులు అరిగి, జర్నల్స్‌కి, అంటే బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలకి గీతలు పడ్డాయి. కొత్తది కొనే స్తోమత లేక విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్లు వెతికా.

క్రాంక్ దొరకడం కష్టం కాదు, మంచిది దొరకడమే కష్టం. తాడుతో వేలాడదీసి సుత్తితో మెల్లగా కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే అక్కడే వదిలేయండి. తర్వాత డీజిల్ పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి కాసేపు ఆగాలి. పగులుంటే లోపల దాగిన డీజిల్ బయటికొచ్చి సుద్దమీద వెంట్రుకంత గీత కనబడుతుంది. నేను మొదట చూసిన క్రాంక్‌కి ఫిల్లెట్ (జర్నల్ అంచున ఉండే గుండ్రటి మూల) దగ్గర సరిగ్గా అలాగే కనబడింది, ఎంత తక్కువకిస్తానన్నా తీసుకోలేదు. రెండోది బాగుంది, లేత్ షాపులో 0.25 మి.మీ. గ్రైండింగ్ చేయించి, జర్నల్ అంతమేర సన్నబడుతుంది కాబట్టి అదే అండర్‌సైజు బేరింగులు వేశా.

పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల మీద, వాటిని క్రాంక్‌కి బిగించే క్యాపుల మీద నంబర్లు కొట్టి ఉంటాయి, అవి కలవకపోతే ఆ రాడ్డు ముట్టుకోవద్దు. స్క్రాప్ కుప్పల్లో క్యాపులు కలిసిపోవడం మామూలే. ఈ ఇంజిన్‌కి లైనర్లు (విడిగా మార్చుకునే సిలిండర్ గొట్టాలు) ఉండవు కాబట్టి బ్లాకునే బోరింగ్ చేయించి 0.5 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం.

చల్లటి ఇంజిన్‌లో వాల్వ్ గ్యాప్ ఇన్‌లెట్‌కి 0.25, ఎగ్జాస్ట్‌కి 0.51 మి.మీ. పెట్టా. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-3-6-2-4. అన్నీ బిగించాక డీజిల్ ఆపేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌ని ఆగి ఆగి తిప్పా, ఈ పని మాత్రం తొందరపడి మానొద్దు. ఆ తర్వాతే డీజిల్ ఇచ్చా. అందుకుంది. ఇప్పుడు లోడుతో ఘాట్ ఎక్కుతోంది, ప్రెషర్ నిలకడగా ఉంది.