లెనిన్ పాత్రను తేదీల వెంట తేల్చుకోవడం ఎలా

సోవియట్ అణచివేత స్టాలిన్‌తో మొదలైందా, లెనిన్‌తోనేనా అన్న వాదనలోకి దిగేముందు తేదీలు వరసగా రాసుకోండి. రష్యా 1918 ఫిబ్రవరిలో క్యాలెండర్ మార్చింది. అంతకుముందు నాటి 20వ శతాబ్దపు తేదీలకు 13 రోజులు కలపాలి. రహస్య పోలీసు సంస్థ చెకా పుట్టింది పాత లెక్కలో 1917 డిసెంబర్ 7న, కొత్త లెక్కలో 20న. రెండు లెక్కలూ కలగలిస్తే వరస తప్పుతుంది.

చాలామంది పొరబడేది 1918 ఆగస్టు దగ్గర. లెనిన్ మీద కాల్పులు జరిగాయి కాబట్టే ఎర్ర బీభత్సం, అంటే బోల్షివిక్ ప్రభుత్వం సాగించిన సామూహిక అరెస్టులు, మరణశిక్షలు, వచ్చిందంటారు. కాల్పులు ఆగస్టు 30న, ఎర్ర బీభత్సం డిక్రీ సెప్టెంబర్ 5న, నిజమే. కానీ అనుమానితులను ఊరిబయట నిర్బంధ శిబిరంలో పెట్టమని రష్యాలోని పెంజా నగరానికి లెనిన్ టెలిగ్రాం ఇచ్చింది ఆగస్టు 9న! 11న ఇంకా ముందుకెళ్లాడు: వందమందికి తక్కువ కాకుండా కులక్కులను (ధనిక రైతులను) జనం చూసేలా ఉరితీయండి, పేర్లు ప్రకటించండి, ధాన్యమంతా లాక్కోండి, బందీలను ఎంచండి. ఈ రెండోది లెనిన్ 55 సంపుటాల రచనల్లో దొరకదు, సోవియట్ యూనియన్ కూలాకే అచ్చయింది. అందుకే ఒక్క సంకలనంతో సరిపెట్టుకోవద్దు.

ఆదేశం వేరు, అమలు వేరు. ఆ కాగితం ఒక్కటే చూపి వందమందిని ఉరితీశారని రాయకండి, దానికి స్థానిక రికార్డు కావాలి.

అణచివేతకు అంతర్యుద్ధమే కారణమనే వాదనను 1922 మే 17 నాటి లేఖతో తూచండి. యుద్ధం దాదాపు ముగిశాక న్యాయశాఖ కమిసార్ (మంత్రి) కూర్‌స్కీకి లెనిన్ రాసినది. కోర్టులు బీభత్సాన్ని తొలగించకూడదు, దానికి చట్టరూపం ఇవ్వాలి అన్నది అందులోని సారం.