తలకు దెబ్బ తగిలిన రోగి సంరక్షణ: మూడో పాఠం – స్పృహను లెక్కించడం

సింగరాయకొండ, కావలి మధ్య హైవే మీద బైకు జారి పడిన రోగికి సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే, "అంతా బాగానే ఉందంట కదమ్మా, ఇంటికి తీసుకుపోతాం" అని బంధువులు తొందరపడతారు. కంకషన్‌లో (దెబ్బకు మెదడు కుదుపుకు లోనై, దాని పని తాత్కాలికంగా చెదరడం) స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది కాబట్టి, ఆ తర్వాతి గంటల్లో రోగికి రక్షణ నర్సు పరిశీలనే.

అందుకు ఆధారం 1974లో న్యూరోసర్జన్లు టీస్‌డేల్, జెన్నెట్ ప్రచురించిన కొలమానం నుంచి వచ్చిన, స్పృహను అంకెల్లో చెప్పే గ్లాస్గో స్కోరు. గరిష్ఠంగా కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. "పెద్దాయనా!" అని పిలిస్తేనే కళ్లు తెరిచి, ఇది ఏ ఊరని అడిగితే "చేలో ఉండా, నీళ్లు కట్టాల" అని పొంతన లేకుండా చెప్పి, వేళ్లు పట్టుకోమంటే పట్టుకున్న రోగికి 3, 4, 6 కలిపి 13 వస్తుంది. చార్టులో మొత్తంతో పాటు మూడు అంకెలనూ విడివిడిగా రాయాలి. ఏది తగ్గిందో డాక్టరుకు తెలియవలసింది అక్కడే.

స్కోరు 15కు చేరేదాకా అరగంటకొకసారి, చేరాక రెండు గంటలపాటు అరగంటకొకసారి, తర్వాత నాలుగు గంటలపాటు గంటకొకసారి, ఆపైన రెండు గంటలకొకసారి చూడాలి. రోగిని నిద్రపోనివ్వవచ్చు, కానీ వేళకు పూర్తిగా లేపి చూడకుండా "నిద్రపోతున్నాడు" అని రాయకూడదు. మద్యం వాసన వస్తున్నంత మాత్రాన మత్తును తాగుడుకు అంటగట్టడం ప్రాణాంతకమైన పొరపాటు.

స్కోరు తగ్గినా, తలనొప్పి పెరిగినా, వాంతులు మళ్లీ మళ్లీ అయినా, ఫిట్స్ వచ్చినా, టార్చి వేసినప్పుడు ఒక కనుపాప పెద్దదిగా కనిపించినా, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటి ద్రవం కారినా, బీపీ పెరుగుతూ నాడి నెమ్మదించినా వెంటనే డ్యూటీ డాక్టరును పిలవాలి. నొప్పికి డాక్టరు రాసిన పారాసిటమాల్ చాలు. రక్తస్రావ భయం వల్ల ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ సొంతంగా ఇవ్వరాదు.

అభ్యాసం: రాత్రి పదింటికి 15 ఉన్న రోగి, పదకొండింటికి గోటి మీద నొక్కితేగాని కళ్లు తెరవడం లేదు, పొంతన లేని విడి మాటలే అంటున్నాడు, చెప్పిన పని చేయకపోయినా, మెడ దగ్గర కండరం నొక్కితే చెయ్యెత్తి మన చేతిని తోసేస్తున్నాడు. స్కోరు లెక్కించి, డాక్టరుకు ఫోనులో చెప్పే మాటను ఒకే వాక్యంలో రాయండి.