గంగవాయిలి కోసే ముందు

తొలకరి పడగానే మడి గట్ల మీద, కుండీల అంచుల్లో, ఇటుకల సందుల్లో గంగవాయిలి పరుచుకుంటుంది. విత్తనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు. అందుకేనేమో, చాలామంది చూసుకోకుండా కోసేస్తారు. నా భయమల్లా దాని పక్కనే, అదే తీరులో నేలబారుగా పాకే నానుబాలు జాతి మొక్కల గురించి.

ముందు ఒక కాడ తుంచండి. గంగవాయిలి కాడ నున్నగా, ఎరుపు ఛాయతో ఉండి పుటుక్కున విరుగుతుంది. విరిగినచోట నీళ్లలాంటి రసమే ఊరుతుంది. తెల్లటి పాలచుక్క కనబడిందా, అది నానుబాలు. ఆ పాలు నోటిని, కడుపును మండిస్తాయి. కంట్లో పడితే మరీ ప్రమాదం. ఆకును వేళ్ల మధ్య నలిపినా తెలుస్తుంది: గంగవాయిలిది దళసరి, చెమ్మ పైకి వస్తుంది; నానుబాలుది పలచన. చిక్కల్లా ఈ రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకుని పెరగడమే. ఒక్క కాడ చూసి గుప్పెడు పెరికితే చూడనట్టే లెక్క. కాడ కాడా విడదీయాలి, కడిగేటప్పుడు మరోసారి చూడాలి. అనుమానం వస్తే పారేయండి, నాలుక మీద పెట్టి తేల్చుకోవద్దు.

గంగవాయిలిలాగే కనబడే మరో మొక్క గలిజేరు; దానికి పాలు కారవు. కానీ దాని కణుపు దగ్గర జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు అదీ కూరే, ముదిరితే విరేచనాలు పట్టుకుంటాయి. పూత ఉంటే పని సులువు: గంగవాయిలి పువ్వు పసుపుపచ్చన, ఎండెక్కాకే విచ్చుకుంటుంది.

కలుపుమందు కొట్టిన నేల జోలికి పోవద్దు. మందు తగిలిన మొక్క కూడా కొన్నాళ్లు పచ్చగా నిగనిగలాడుతుంది, కాబట్టి చూసి కాదు, అడిగి కోయాలి. రోడ్డువార, మురుగు కాలువ పక్కన మొలిచినదీ వద్దు.

గంగవాయిలి కూరలో ఆక్సలేట్లు, అంటే రాళ్లు కట్టించే లవణాలు, బాగా ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు మానేయడమే మేలు. మిగిలినవారు ఉడికించి నీరు వంచేస్తే కొంత తగ్గుతాయి. పెరుగు కలిపినా అంతే. పులుపు పడనివారు సాయంత్రం కోసుకోండి: రాత్రంతా ఆకులో పేరుకున్న మాలిక్ ఆమ్లం పగటి ఎండలో ఖర్చయిపోతుంది.

పరీక్షించి తేల్చుకున్న కాడల్లో ఒకటి కుండీలో గుచ్చండి. విరిగిన ముక్కకూ వేళ్లు వస్తాయి. వచ్చే కోతకు గట్ల వెంట వెతకనక్కరలేదు.